నడుమ మట్టి

దిక్సూచి తెరిచిన సెల్లును
మా పడకగది బండల మీద పెట్టి
మంత్రసాని కడుపు చూసినట్టు చూస్తాండాడు
ఫెంగ్‌షుయి కిరీటి.
పాతికేళ్ళుండవు. ఎస్తేరక్క పంపించింది,
"మంచం కొనేముందు ఒకమాట అడుగు మేయ్,
పోతే ఐదునూర్లు" అని.

వచ్చే నెల మద్దిలేటి రిటైరు.
ఇంక రాత్రులన్నీ ఇద్దరివీ.
ఆ మాట తలుచుకుంటే నాకు కొంచెం భయం.

"పుట్టిన సంవత్సరం?"
నాది డెబ్బై. ఆయనది అరవయ్యారు.
కాగితం మీద సున్నాలు చుట్టి తల ఎత్తకుండా చెప్పినాడు:
"మీరు లోహం మేడమ్. సారు నిప్పు.
ఇనుప మంచం వేస్తే అదీ మీరూ కలిసి కరుగుతారు.
టేకు వేస్తే నిప్పుకు కట్టె ఎగదోసినట్టే."

నేను నవ్వలేదు.
పెద్దాసుపత్రిలో ఇరవై ఎనిమిదేళ్ళు
ఇనుప మంచాల సందుల్లో తిరిగిన కాళ్ళివి.
పెచ్చులూడిన ఆ తెల్లరంగు మీద
ఎవరు నిప్పో ఎవరు నీళ్ళో ఎవరూ అడగలేదు.
ఉత్తరానికి తలపెట్టినోళ్ళు లేచి ఇంటికి పోయినారు.
తూర్పుకు పెట్టినోళ్ళూ పోయినారు కొందరు,
ఇంటికి కాదు.

"తల ఏ దిక్కుకు పెట్టి పండుకుంటారు?"
ఎవరి తల నాయనా? ఏ పూట?
నాకు నైట్ డ్యూటీ, ఆయనకు శ్రీశైలం బస్సు.
నేను గడప తొక్కేసరికి
ఆయన ఖాకీ గుండీలు పెట్టుకుంటుండేవాడు.
ఒక మనిషికి సరిపడే వేపమంచం,
ఒకరు లేచిన గుంతలో ఒకరం ఒరిగేవాళ్ళం.
దిండు మీద డీజిల్ వాసన నాకు,
ఫినాయిల్ వాసన ఆయనకు.
సరిగ్గా కొట్లాడుకోడానికి కూడా
ఒక ఆదివారం చిక్కేది కాదు.

"పరిహారం లేకపోలేదు మేడమ్.
నిప్పుకూ లోహానికీ నడుమ మట్టి రావాల.
మట్టిరంగు దుప్పటి, మంచం కింద చిన్న కుండ..."

మట్టి.
ఇంక వాని మాటలు నాకు వినపడలేదు.

తొమ్మిదో సంవత్సరం, అక్టోబరు.
తుంగభద్ర రోజావీధిలోకి వచ్చి
అడక్కుండానే మా మంచమెక్కి పండుకునింది.
పోతూ పోతూ మోకాటి లోతు ఒండ్రు వదిలింది.
బీరువా చెక్క నానిన రొట్టె మాదిరి ఉబ్బింది.
ఇనుప కుర్చీలు వారం తిరక్కుండా ఎర్రబడినాయి.
వేపమంచం తేలి తేలి
వంటింటి గడపకు అడ్డంగా దిగబడింది,
ఏ శాస్త్రంలోనూ లేని దిక్కుకు తలపెట్టి.

ఇల్లు మునిగిందని నాకు తొమ్మిది రోజులు సెలవు.
ఆయన బస్సుకు రోడ్డే లేదు.
ఆయన పారతో ఎత్తితే నేను గంపతో మోసినా.
రెండో రోజుకు పాత చీరలు పేనిన మంచం మిద్దె మీదికి చేరింది.
ఒకరు పట్టే దాంట్లో ఇద్దరం,
ఒకే వేళకు.
గోళ్ళ సందున బురద, ఇద్దరికీ ఒకటే వాసన.
పెళ్ళైన పదహారేళ్ళకు
మద్దిలేటి గురక పెడతాడని తెలిసింది నాకు.

కిరీటికి కాఫీ ఇచ్చి, ఐదునూర్లు చేతిలో పెట్టినా.
పిల్లోడు తప్పు చెప్పలేదు.
ఆలస్యంగా వచ్చినాడు, అంతే.

సాయంత్రం వడ్ల మౌలాలిని పిలిపించి
మిద్దె మీది మంచం దింపించినా.
"అడుగున్నర వెడల్పు పెంచు" అన్నా.
"ఏం కట్టెతోనమ్మా? టేకా? తుమ్మా?"
"నీ కొట్లో ఏముంటే అది."

చిత్రిక చేతబట్టి కోడు దగ్గర ఆగినాడు:
"ఈ మరక ఏందమ్మా, నాలుగు కోళ్ళకూ ఒకే ఎత్తున?"

మిగతాదంతా నున్నగా తియ్యి మౌలాలీ,
దాని జోలికి మాత్రం పోవద్దు.